తెడ్డు అడిగితే స్పాచులా తెచ్చాను

ఈ సంచికకి ఏదైనా రాయండి అని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, అందరిలాగే నేను కూడా తెలుగు భాష గొప్పదనం మీద రాద్దామనుకున్నాను. రెండు పేరాలు రాసి ఆపేశాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం చదివి, తెలుగు పరీక్షలో గట్టెక్కితే చాలనుకున్నవాణ్ణి నేను. నేను గొప్పదనం గురించి రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. అందుకని నాకు నిజంగా జరిగిన ఒక చిన్న విషయం రాస్తున్నాను. వంటింట్లో కలపడానికీ, అడుగు గోకడానికీ సరైన గరిటె ఏదో తెలియక నేను పడ్డ తిప్పలు, దాని వల్ల నాకు వచ్చిన ఒక అభిప్రాయం. అంతే.

మా అమ్మమ్మది కడప జిల్లాలో ఒక పల్లెటూరు. మేము అవ్వ అంటాం. పోయిన దసరా సెలవులకి నేను వెళ్ళే ముందు అవ్వ ఫోన్ చేసింది. "నాయనా, వచ్చేటప్పుడు తెడ్డొకటి పట్టుకోనిరా. పాతది పగిలిపాయ" అంది. నేను వెంటనే "సరే అవ్వా" అన్నాను.

నిజం చెప్పాలంటే తెడ్డు అంటే ఏంటో నాకు తెలియదు. వంటింట్లో ఏదో కలిపేది అని మాత్రం అర్థమైంది. తిరిగి అడగడానికి మొహమాటం. సెకండియర్ బీటెక్ చదువుతున్నవాడు తెడ్డు అంటే ఏంటవ్వా అని అడిగితే ఏమనుకుంటుందో అనిపించింది. ఫోన్ పెట్టేసి షాపింగ్ యాప్‌లో ఇంగ్లిష్‌లో వెతికాను. కలిపే స్పాచులా అని కొడితే వందల ఫొటోలు వచ్చాయి. అందులో ఎర్ర రంగు సిలికాన్‌ది బాగుంది, రేటింగ్ కూడా బాగుంది. 349 రూపాయలు పెట్టి కొన్నాను.

అవ్వ దాన్ని కవర్‌లోంచి తీయకుండానే వేళ్ళతో నొక్కి చూసింది. "బాగుంది నాయనా, మెత్తగా ఉంది" అని అలమరలో పెట్టింది. నాకు చాలా సంతోషం వేసింది.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. అలమరలో ఎర్ర స్పాచులా అదే కవర్‌లో అలాగే ఉంది. పొయ్యి దగ్గర అవ్వ సంగటి కెలుకుతోంది. చేతిలో పాత తెడ్డు. దాని చెక్క నిలువునా చీలిపోతే ఇనుప తీగ చుట్టింది. ఆ తీగ వదులైనప్పుడల్లా ఆగి, బిగించుకుని, మళ్ళీ కెలుకుతోంది. కుడి చేతి మణికట్టు దగ్గర కొంచెం వాచి ఉంది. మూడు నెలలు అలాగే చేసింది.

"అవ్వా, నేను తెచ్చింది వాడటం లేదా?" అని అడిగాను.

"అది మెత్తన కదా నాయనా, సంగటికి వంగిపోతాది. నువ్వు తెచ్చింది కదా అని దాచిపెట్టినా" అంది.

నా మనసు నొచ్చుకుంటుందని అవ్వ చెప్పలేదు. నా పరువు పోతుందని నేను అడగలేదు. ఒక్క మాట తెలియక ఇద్దరం ఊరుకున్నాం. ఆ బరువు మాత్రం అవ్వ చేతి మీద పడింది.

తెడ్డుకీ స్పాచులాకీ తేడా ఏముంది, రెండూ కలిపేవే కదా అని మీలో చాలామంది అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు అవ్వ పక్కన కూర్చుని చూశాక తేడా అర్థమైంది. సంగటికి ముందు బియ్యం ఎక్కువ నీళ్ళతో మెత్తగా ఉడికిస్తారు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టి సన్న మంట మీద ఉంచుతారు. పిండి ఉడికాక తెడ్డుతో గట్టిగా కెలికి ఉండలు లేకుండా చేసి ముద్దలు కడతారు. వేడికి పిండిలో ఉన్న స్టార్చ్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, చిక్కటి ముద్ద అవుతుంది.

మామూలు నీళ్ళు కాస్తే అడుగున వేడెక్కిన నీళ్ళు పైకి వస్తాయి, పైన చల్లగా ఉన్నవి కిందికి పోతాయి. వాటంతట అవే తిరుగుతుంటాయి. ఇది మనం స్కూల్ ఫిజిక్స్‌లో చదివిన కన్వెక్షనే. కానీ చిక్కబడ్డ ముద్ద అలా తిరగదు. అడుగున ఉన్న పొర అక్కడే ఉండిపోతుంది. అందులో నీళ్ళు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్ళు ఇగిరిపోగానే వేడి ఒక్కసారిగా పెరిగి అడుగంటుతుంది. అంటే మంట చేయలేని పనిని మన చెయ్యి చేయాలి. అడుగు పొరని గోకి పైకి తేవాలి, పైదాన్ని కిందికి తోయాలి. కలపడం, గోకడం రెండు వేరే పనులు. సంగటికి రెండూ ఒకే కట్టెతో, బలంగా జరగాలి. దానికి వంగని చెక్క, పిడికిలి నిండా పట్టుకోదగ్గ పిడి, అడుగుకి ఆనే వెడల్పాటి అంచు కావాలి. తెడ్డు అన్న రెండక్షరాల్లో ఇదంతా ఉంది. పడవ నడిపేదాన్ని కూడా తెడ్డు అనే అంటాం కదా. బరువైన దాన్ని తోసే వెడల్పాటి చెక్క అని ఆ మాటే చెప్తోంది. నేను ఆ మాట వినలేదు. వినగానే మనసులో స్పాచులా అని మార్చేసుకున్నాను. ఆ మార్చుకోవడంలోనే సమాచారం మొత్తం పోయింది.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కూడా కాదు. కాలేజీ బయట మేము నలుగురం రూం తీసుకుని ఉంటున్నాం. ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక నాన్‌స్టిక్ పెనం, ఒక కడాయి మా ఆస్తి. మొదట మాకు ఒక స్టీల్ గరిటె ఉండేది. దాంతో నాన్‌స్టిక్ పెనం గోకి గోకి నెలలోనే గీతలు పెట్టేశాం. తర్వాత నల్ల నైలాన్‌ది కొన్నాం. అది కూడా స్పాచులానే అని కవర్ మీద ఉంది. ఒకసారి ఆమ్లెట్ వేస్తూ వేడి పెనం మీద ఆనించి మర్చిపోయాం, అంచు మెత్తబడి అలల్లాగా అయిపోయింది. నైలాన్ గరిటెలు సాధారణంగా 200 డిగ్రీల దగ్గరి వరకే తట్టుకుంటాయి. ఇండక్షన్ మీద ఖాళీ పెనం ఆ వేడిని నిమిషాల్లో దాటేస్తుంది. మూడోది చిల్లులున్నది. దాంతో పాలు చిక్కబెట్టి కోవా చేద్దామని మా ఏలూరు రూంమేట్ పట్టుబట్టాడు. చిల్లుల్లోంచి పాలు జారిపోతున్నాయి, అడుగు మాత్రం కదలడం లేదు. చివరికి మాడిన వాసన వచ్చింది. మూడుసార్లు కొన్నాం, మూడుసార్లూ తప్పే. మూడింటి పేరూ స్పాచులానే.

మా రూంమేట్లని తప్పు పట్టడం లేదు. మా నలుగురికీ జేఈఈ ర్యాంకులు గుర్తున్నాయి గానీ, మా ఇళ్ళలో పొయ్యి పక్కన వేలాడేవాటి పేర్లు గుర్తులేవు. ఒక కారణం మీడియం. ఇంకో కారణం, మగపిల్లలం. "నీకు వంటింట్లో ఏం పని, పోయి చదువుకో" అన్న మాట మా నలుగురికీ కామన్. వంటింట్లోకి రానివ్వకపోతే పని రాదని అందరికీ తెలుసు. మాటలు కూడా రావని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ సంక్రాంతి సెలవుల్లో అవ్వ వంటింట్లో ఒక్కొక్కటీ పట్టుకుని పేరు అడిగాను. అట్లకాడ: పలుచటి, చదునైన ఇనుప రేకు, పొడుగు కాడ. అట్టు కిందికి దూరి దాన్ని తిరగేయడానికి. గంటె: గుంతగా ఉంటుంది, పులుసు తీసి పోయడానికి. మా కరీంనగర్ రూంమేట్ కూడా గంటె అంటాడు, ఏలూరువాడు గరిటె అంటాడు. చిల్లుల గంటె: నూనె కారిపోవాలి, వడ నిలబడాలి. పప్పు గుత్తి: ఉడికిన పప్పు మెదపడానికి. కవ్వం: మజ్జిగ చిలకడానికి. తెడ్డు గురించి పైన చెప్పాను. ఇవన్నీ కలిపి మనం స్పూన్ లేదా స్పాచులా అంటాం.

మన భాషలో చెప్పాలంటే, అంటే సీఎస్ఈ వాళ్ళ భాషలో, ప్రతి వేరియబుల్‌కీ ఎక్స్ అని పేరు పెట్టిన ప్రోగ్రాం లాంటిది ఇది. రన్ అవుతుంది. కానీ ఎక్కడ తప్పు జరిగిందో ఎవరూ కనుక్కోలేరు. మంచి వేరియబుల్ పేరు అది ఏం పని చేస్తుందో చెప్తుందని మనకి ఫస్టియర్ ల్యాబ్‌లో నేర్పారు. అట్లకాడ అన్న పేరులోనే అట్టు ఉంది, కాడ ఉంది. ఇంతకంటే మంచి నేమింగ్ నాకు ఏ లైబ్రరీలోనూ కనపడలేదు.

అలాగని ఇంగ్లిష్ మీద కోపం ఏమీ లేదు. స్పాచులా అన్న మాట లాటిన్ నుంచి వచ్చింది, వెడల్పాటి చదునైన చిన్న పలక అని దాని అర్థం. అమెరికా వాళ్ళు దోసె తిరగేసేలాంటిదాన్నీ, గిన్నె గోకే రబ్బరుదాన్నీ రెండింటినీ స్పాచులా అంటారు. బ్రిటన్ వాళ్ళు తిరగేసేదాన్ని ఫిష్ స్లైస్ అంటారు. అంటే వాళ్ళ వంటింట్లో ఉన్నవాటికి వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి. మనం వాళ్ళ దగ్గర ఒక్క మాట తెచ్చుకుని, మన దగ్గరున్న అరడజను మాటలకి బదులు వాడుతున్నాం. నాకు నష్టంగా అనిపించేది ఇది.

దీనికి మా కరీంనగర్ రూంమేట్ ఒక మాట అన్నాడు. "అరే, వస్తువు పోతే మాట పోతది. రోకలి లేదు, తిరగలి లేదు, గిప్పుడు వాటి పేర్లు తెలుసుకుని ఏం జేస్తవ్?" అని. న్యాయమైన ప్రశ్న. తిరగలి పోయింది, దాని మాట పుస్తకాల్లో ఉంటే చాలని నేను కూడా ఒప్పుకుంటాను. కానీ తెడ్డు పోలేదు. సంగటి పోలేదు, ఇప్పుడు హోటళ్ళలో కూడా రాగి సంగటి అమ్ముతున్నారు. వస్తువు ఉంది, దాంతో రోజూ పని చేసే మనిషి ఉంది, ఆ మనిషి ఆ మాటతోనే నన్ను సాయం అడిగింది. పోయింది నా దగ్గర మాత్రమే. పాత మాటలన్నీ మోయాలని నేను అనడం లేదు. మన ఇంట్లో మనతో ఇంకా మాట్లాడుతున్నవాళ్ళ మాటలు మనకి తెలిసి ఉండాలి అంటున్నాను.

ఇంకో వాదన కూడా ఉంది. సిలికాన్ కొత్తది, మెరుగైనది, పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికి అని. ఇదీ కొంత నిజమే. మిక్సీ జార్‌లో చట్నీ, గిన్నె అంచులకి అంటుకున్న దోసెపిండి గోకడానికి సిలికాన్‌ని మించింది నేను చూడలేదు. ఆ పనికి మన ఇళ్ళలో ఇదివరకు వాడింది చేతి వేళ్ళు. అందుకే అవ్వ దగ్గర దానికి వేరే పేరు కూడా లేదు. అలాంటి చోట కొత్త వస్తువు రావాలి, కొత్త మాటా రావాలి. కానీ చెయ్యి చేసే మెత్తటి పనికి వచ్చినదాన్ని, చెయ్యి చేయలేని గట్టి పనికి పెడితే అది వంగిపోతుంది. తప్పు సిలికాన్‌ది కాదు.

ఇన్ని డబ్బులు పోగొట్టుకున్నాను కాబట్టి, రూంలో వండుకునేవాళ్ళకి నేను నేర్చుకున్నవి చెప్తాను.

మొదట మీ గిన్నె అడుగు చూడండి, తర్వాతే గరిటె చూడండి. కడాయి అడుగు గుండ్రంగా ఉంటుంది. అందులో తిన్నటి అంచున్న గరిటె పెడితే రెండు మూలలు మాత్రమే తగులుతాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది, అక్కడే మాడుతుంది. కడాయికి వంపు అంచు కావాలి. అడుగు చదునుగా ఉన్న గిన్నెకి తిన్నటి అంచు కావాలి, కానీ గోడ మొదలయ్యే మూల దగ్గర గిన్నె వంపు తిరుగుతుంది కాబట్టి గరిటెకి ఒక మూల గుండ్రంగా ఉంటే మంచిది.

రెండోది, వండేది ఎంత చిక్కగా అవుతుందో చూడండి. ఉప్మా, కోవా, హల్వా, సంగటి లాంటివాటికి వంగని చెక్క. పల్చటివాటికి గుంత గరిటె. గోకి ఊడ్చేయడానికి సిలికాన్. సిలికాన్ కొంటే తలా పిడీ ఒకే ముక్కగా ఉన్నది కొనండి. విడిగా ఊడొచ్చేదైతే ఆ సందులో నూనె, పిండి చేరి వాసన వస్తుంది.

మూడోది, పెనం దేనితో చేశారో చూడండి. నాన్‌స్టిక్ మీద చెక్క లేదా సిలికాన్ మాత్రమే. స్టీల్, ఇనుప అట్లకాడ ఇనుప పెనానికే. చెక్కకి ఇంకో లాభం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పోలిస్తే చెక్కలోంచి వేడి దాదాపు వంద రెట్లు తక్కువగా పాకుతుంది. అరగంట కలిపినా చెయ్యి కాలదు. కాకపోతే చెక్కదాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టొద్దు. నానుతూ, ఎండుతూ ఉంటే చీలుతుంది. కడిగి తుడిచి నిలబెట్టండి.

చివరికి తెడ్డు సంగతి. అవ్వ ఊరికి పక్క ఊళ్ళో వడ్రంగాయన ఉన్నాడని తెలిసి, మా మామయ్య బండి తీసుకుని వెళ్ళాను. "తెడ్డు కావాలి" అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే మూడు ప్రశ్నలు అడిగాడు. "సంగటికా, పాకానికా? గిన్నె ఎంత లోతు? కెలికేది ఎవరు, ఆడమనిషా మొగమనిషా?" షాపింగ్ యాప్ నన్ను అడిగింది ఒక్కటే, ఏ రంగు కావాలని. నాకు మూడు జవాబుల్లో ఒకటే తెలుసు. అవ్వకి ఫోన్ చేసి మిగతావి కనుక్కున్నాను. ఈసారి తెలియనిదాన్ని తెలియదని చెప్పాను, ఏమీ కాలేదు. అవ్వ నవ్వింది, అంతే. ఆయన వేప చెక్కతో చేసి, పిడి ఆడవాళ్ళ చేతికి సరిపోయేలా సన్నం చేసి ఇచ్చాడు. 150 రూపాయలు తీసుకున్నాడు.

అవ్వ దాన్ని వాసన చూసింది. అంచు మీద బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరకి జరిపింది. ఎక్కడా పెళుసు లేదని చూసుకుని, కడిగి, కొంచెం నూనె రాసి ఎండలో పెట్టింది. మర్నాడు సంగటికి దాన్నే తీసింది. "నేను కెలుకుతా" అని తీసుకున్నాను. రెండు నిమిషాలకి చేతులు లాగేశాయి. "ఇంక చాల్లే, ఇటియ్యి" అని తీసుకుంది. ఆ తర్వాత ఆగకుండా కెలికి ముగించింది. తీగ బిగించుకోవాల్సిన పని లేదు కదా. ఎర్ర స్పాచులాని కూడా కవర్‌లోంచి తీశాం. ఇప్పుడు అది మిక్సీ పక్కన ఉంటుంది.

నా అభిప్రాయం ఇంతే. తెలుగుని కాపాడటం అంటే మనకి ఫ్లెక్సీలు, ఉపన్యాసాలు, ఆగస్టు 29న స్టేజి మీద పద్యాలు గుర్తొస్తాయి. అవి ఉండనీయండి. దాంతోపాటు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర ఉన్న ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, దీన్ని ఏమంటారు, దేనికి వాడతారు అని ఒక్కసారి అడగండి. ముఖ్యంగా అబ్బాయిలు. మీ ఇంటి మాట మా ఇంటి మాటకి వేరుగా ఉంటే ఇంకా మంచిది, వచ్చే సంచికకి రాసి పంపండి, అన్నీ ఒకచోట వేద్దాం. తెలియని మాట వినపడితే మాత్రం నాలాగా "సరే అవ్వా" అనకండి. "అంటే ఏంటవ్వా" అనండి.